వినపడని మాటల ఆడియో కోసం చదువు ఆపొద్దు

గ్రూప్స్‌కీ, బ్యాంకు ఉద్యోగాలకీ చదివే పిల్లల ఫోన్లలో కొంతకాలంగా ఒక తరహా ప్రకటనలు కనిపిస్తున్నాయి. జ్ఞాపకశక్తికో, ఆత్మవిశ్వాసానికో సబ్లిమినల్ ఆడియో త్వరలో విడుదలవుతుంది, ముందే బుక్ చేసుకుంటే సగం ధర అంటారు. పైకి వర్షం చప్పుడో, వేణువో వినిపిస్తుంది. దాని అడుగున, చెవికి అందనంత సన్నగా, 'చదివిందంతా నాకు గుర్తుంటుంది' లాంటి వాక్యాలు నడుస్తుంటాయి. అవి తిన్నగా సబ్‌కాన్షస్ మైండ్‌లోకి వెళ్లి మనిషిని మార్చేస్తాయన్నది అమ్మేవాళ్ల మాట.

గుంటూరు బ్రాడీపేటలోని ఒక రీడింగ్ రూమ్‌లో ఈమధ్య ఒక కుర్రాడితో మాట కలిసింది. ముందు పాలిటీ పుస్తకం, మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు, మెడలో ఇయర్‌ఫోన్స్. మాక్ టెస్టులు ఎలా రాస్తున్నావని అడిగాను. "ఇంకా మొదలుపెట్టలేదంకుల్. వచ్చే నెల మెమొరీ ఆడియో కొత్త వెర్షన్ వస్తుందంట. అది కొన్నాళ్లు విన్నాక రాద్దామని" అన్నాడు. కష్టపడే పిల్లాడే, ఆ పెన్సిల్ రాతలే చెబుతున్నాయి. ఆడియోకి పెట్టే డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాడు. పరీక్ష ముందు చేజారిన నెలను ఎక్కడి నుంచి తెస్తాడు?

అసలు వీటి మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో తేల్చిన ప్రయోగం ఒకటి 1991లోనే అచ్చయింది. అమెరికాలో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచర మనస్తత్వ శాస్త్రవేత్తలు బజార్లో దొరికే రెండు రకాల సబ్లిమినల్ క్యాసెట్లు తీసుకున్నారు. ఒకటి జ్ఞాపకశక్తికి, రెండోది ఆత్మగౌరవానికి. 237 మంది వాటిని నెల రోజులు విన్నారు. అయితే కొందరికి లేబుళ్లు తారుమారు చేసి ఇచ్చారు. జ్ఞాపకశక్తి అని రాసి ఉన్నదాంట్లో ఆత్మగౌరవం టేపు, ఆత్మగౌరవం అని రాసి ఉన్నదాంట్లో జ్ఞాపకశక్తి టేపు. ఎవరి చేతిలో ఏది ఉందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, వినేవాళ్లకీ తెలియదు. నెల తర్వాత పరీక్షలు పెడితే, లోపలి వాక్యాల వల్ల రావాల్సిన మార్పు ఏ టేపుతోనూ రాలేదు. కానీ మూడోవంతుకు పైగా జనం, లేబుల్ మీద ఏం రాసుందో అదే తమలో మెరుగుపడిందనుకున్నారు.

కాబట్టి 'నాకు పనిచేసింది' అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. అలా అనిపించడానికి లేబుల్ ఒక్కటే సరిపోతుందని ఆ ప్రయోగం చూపించింది. అందుకే రివ్యూలు ఎన్ని ఉన్నా వాటిని సాక్ష్యంగా తీసుకోలేం. అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా బయటపడింది. టేపు ఏదైనా, లేబుల్ ఏదైనా, అందరి స్కోర్లూ కాస్త పెరిగాయి. బాగుపడతామన్న నమ్మకమే ఆ మేరకు ఊతమిచ్చిందని పరిశోధకులు భావించారు. ఆ ఊతాన్ని తీసిపారేయనక్కర్లేదు. అయితే దానికోసం వచ్చే నెల దాకా ఆగాల్సిన పనీ లేదు, డబ్బు కట్టాల్సిన పనీ లేదు.

ఫైలు సంగతి కూడా చూడాలి. ఆడియోను కుదించే ఎంపీ3 పద్ధతి, పెద్ద చప్పుడు అడుగున పడి చెవికి ఎలాగూ వినపడని చిన్న ధ్వనులను తీసిపారేసి, ఫైలు సైజు తగ్గిస్తుంది. ఆ పద్ధతి పనిచేసేదే అలా. అంటే వర్షం కింద దాచిన వాక్యాలు మీ ఫోన్‌కు చేరేసరికే చాలావరకు కొట్టుకుపోయి ఉండొచ్చు. ఫోన్‌లోకి రాని మాట మెదడులోకి ఎలా వెళుతుంది?

మనకు తెలియకుండా అందే సంకేతాల ప్రభావం బొత్తిగా సున్నా అని కూడా కాదు. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక శీతల పానీయం పేరును తెర మీద కంటికి తెలియనంత వేగంగా చూపించారు. అప్పటికే దాహంగా ఉన్నవాళ్లు ఆ పానీయం వైపు కాస్త మొగ్గారు. దాహం లేనివాళ్లు మొగ్గలేదు. అది అప్పటికప్పుడు ఒక చిన్న ఎంపికను పక్కకు జరపడం. రాజ్యాంగ అధికరణలు గుర్తుండేలా చేయడం కాదు.

గుర్తుండటానికి ఏం చేయాలో కూడా 2006లోనే రోడిగర్, కార్పికె అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థుల కంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఆ కుర్రాడు వాయిదా వేసుకున్నది సరిగ్గా ఈ పనినే. అందుకే అతని మీద నాకు అంత బెంగ.

అయినా కొంటామంటే కొనండి. విడుదలకు ముందే కొలత పెట్టుకోండి. ఇప్పటి నుంచే వారానికి రెండు మాక్ టెస్టులు రాసి మార్కులు నోట్ చేసుకోండి. ఆడియో వచ్చాక దాన్నీ, అలాగే వినిపించే మామూలు వర్షం చప్పుడునూ రూమ్మేట్ చేతికిచ్చి 'ఏ', 'బి' అని పేర్లు పెట్టించండి. ఏది ఏదో మీకు చెప్పకూడదు. కొన్ని వారాలు ఒకటి, కొన్ని వారాలు ఇంకొకటి విని మార్కులు పోల్చండి. ఒక్క మనిషి లెక్క శాస్త్రం కాదు. కానీ మన డబ్బు మళ్లీ పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి సరిపోతుంది. వర్షం చప్పుడు వింటే హాయిగా నిద్రపడుతోందంటే అది మంచి లాభమే, దాన్ని ఆ పేరుతోనే తీసుకోండి.

తయారుచేసేవాళ్లు లోపల పెట్టిన వాక్యాలన్నీ రాతలో బయటపెట్టాలి, డబ్బు వాపసు షరతులు ముందే చెప్పాలి. నిరూపణ లేని హామీ తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. 'ఈ రాత్రికే ఆఫర్ ఆఖరు' అంటూ లేని తొందర పెట్టడాన్ని కూడా కేంద్రం 2023లో తప్పుడు పద్ధతుల్లో చేర్చింది. ఫిర్యాదుకు 1915కి ఫోన్ చేయొచ్చు.

విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్లలో పిల్లల్ని పెట్టిన తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఔటింగ్‌కు వచ్చిన పిల్ల నిద్రపట్టడం లేదన్నా, పుస్తకం తీస్తేనే టెన్షన్‌గా ఉందన్నా ఆత్మవిశ్వాసం ఆడియో డౌన్‌లోడ్ చేసిచ్చి పంపేయకండి. ఆ పూట కూర్చోబెట్టి చెప్పేది వినండి, డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.