అటెండెంట్‌ను పెట్టేశాం, అమ్మ కాళ్లు ఆగిపోయాయి

నిరుడు సంక్రాంతి తర్వాత మా అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. ఎముకలేమీ విరగలేదు, నడుం పట్టేసిందంతే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఆ రాత్రే ఒక ఏజెన్సీతో మాట్లాడేశాడు. వారం తిరక్కుండా ఉయ్యూరు ఇంట్లో 24 గంటల అటెండెంట్ దిగింది, హాల్లో సీసీ కెమెరా వెలిసింది. హమ్మయ్య, టెన్షన్ తీరిందనుకున్నాం.

వచ్చినమ్మాయి మంచిది. "మీరు కూర్చోండి బామ్మగారూ" అంటూ కాఫీ, కూరలు, దేవుడి దగ్గర దీపం, చివరికి మందుల డబ్బా కూడా తనే చూసుకునేది. రోజూ కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుక్కునే మనిషి 3 నెలలు తిరిగేసరికి వీధి గుమ్మం దాకా నడవడానికి గోడ పట్టుకుంటోంది. ఫిజియోథెరపిస్ట్ చూసి, "జబ్బేం లేదండీ, కాళ్లకు పని లేకుండా చేశారు" అన్నారు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. అమ్మ ఏ పని చేసుకోగలదు, దేనికి చెయ్యందించాలి అని మేం ఒక్క పూటైనా చూడలేదు. కూర్చుని చూస్తే తెలిసింది, కమోడ్ మీద నుంచి లేవడానికి అమ్మ పక్కనున్న కుళాయి పట్టుకుంటోందని. అది కదులుతోంది కూడా. అక్కడొక స్టీలు రాడ్డు బిగించాం, బాత్రూమ్ గడప తీయించేశాం, స్నానానికి స్టూలు వేశాం, మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైట్లు పెట్టాం. ఆ ఖర్చంతా కలిపినా అటెండెంట్‌కు కట్టే నెల డబ్బులో సగం కాలేదు.

ఇక అమ్మకు నిజంగా సాయం కావాల్సింది పొద్దున స్నానం వేళ, 2 గంటలు. ఏజెన్సీవాళ్లను అడిగితే "12 గంటలు, లేకపోతే 24 గంటలు. మధ్యలో ఉండదండీ" అన్నారు. ఇదే అసలు చిక్కు. పెద్దవాళ్ల అవసరం గంటల్లో ఉంటుంది, బజారులో దొరికేది షిఫ్టుల్లో. మేం నెలకు 22,000 కడితే ఆ అమ్మాయి చేతికి వెళ్లింది 14,000. శిక్షణ ఏమిచ్చారని అడిగితే నవ్వి ఊరుకుంది.

ప్రభుత్వాల లెక్కా ఇలాగే ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితమని కేంద్రం 2024లో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. మంచిదే, కానీ అది ఆస్పత్రిలో చేరినవారికి. తుంటి విరిగితే పలికే పథకం, విరగకుండా బిగించే రాడ్డుకు పలకదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టం పిల్లల నుంచి నెలకు 10,000 దాకా భరణం ఇప్పించగలదు. ఇంటికొచ్చి సేవ చేసే సంస్థలకు ప్రమాణాలు ఉండాలని 2019లో సవరణ బిల్లు పెట్టారు గానీ, లోక్‌సభ రద్దవడంతో అదీ పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1వ తారీఖున పెన్షన్ గుమ్మం దగ్గరికే వస్తోంది. డబ్బు రాగలిగిన గుమ్మంలోకి నెలకోసారి నర్సు ఎందుకు రాకూడదు? కేరళలో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పంచాయతీల పాలియేటివ్ నర్సులు (నొప్పి, బాధ తగ్గేలా సేవ చేసేవాళ్లు) వెళ్లడం మనకు కొత్త కబురేం కాదు.

ఇదంతా తమ పని తాము చేసుకోగలిగే పెద్దల మాట. మతిమరుపు ముదిరినవాళ్లకు, పక్షవాతంతో పడుకున్నవాళ్లకు పగలూ రాత్రీ మనిషి ఉండాల్సిందే, అక్కడ బేరాల్లేవు.

ఇప్పుడు మా వీధిలోనే ఉండే ఒకావిడ పొద్దున 7 నుంచి 9 దాకా వస్తోంది. అమ్మ మళ్లీ కూరలు తరుగుతోంది, కాకపోతే కింద కత్తిపీటతో కాదు, టేబుల్ మీద చాకుతో. రాత్రిళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పక్కింటి పిన్నిగారి దగ్గర రెండో తాళంచెవి ఉంచాం. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్తే అమ్మ సరేనంటుంది, ఫోన్ పెట్టేశాక పెట్టుకుంటుంది.