పైసలు తీసుకోవయ్యా!

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనగానే జనం కళ్ల ముందు ఒకటే బొమ్మ. హోటల్లో మొదటి టేబుల్ దగ్గర కూర్చుంటాడు, బిల్లు కట్టకుండా లేస్తాడు, పోతూ పోతూ ఇంటికో పార్శిల్ కట్టించుకుంటాడు. 2011 ఆగస్టులో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక మా హోదా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అయింది కానీ, బజారులో బొమ్మ మాత్రం పాతదే. నిజానికి దుకాణదారుణ్ని పట్టుకుని "డబ్బు తీసుకో నాయనా" అని బతిమాలే సర్కారు నౌకరు ఎవరైనా ఉన్నారంటే అది మేమే.

శాంపిల్ అంటే గుప్పెడు తీసి సంచీలో వేసుకోవడం కాదు. మామూలు గిరాకీకి ఏ ధరకు అమ్ముతారో ఆ ధర చెల్లించి కొనాలి. చట్టంలోనే ఉంది. కొన్నట్టు కాగితం కూడా ఉండాలి. ఈ సంగతి మాకంటే దుకాణదారులకే బాగా తెలుసు. అందుకే డబ్బు ముట్టుకోరు, శాంపిల్ కొననే లేదని రేపు కోర్టులో వాదించొచ్చని. "మీ దగ్గర పైసలు తీసుకుంటమా సార్" అనే మాటలో మర్యాద పావలా, లాయరు సలహా ముప్పావలా.

దీపావళి ముందు వారం. హనుమకొండలో ఒక స్వీట్ షాపు. పేరు చెప్పను, రిపోర్టు రాకముందు ఎవరి పేరూ చెప్పకూడదు. లడ్డూల పసుపు ఎంత దూరానికి కనిపిస్తోందంటే, రోడ్డు మీద ఆటోలు సిగ్నల్ పడిందనుకుని ఆగేలా ఉన్నాయి. మెటానిల్ యెల్లో అనే రంగు తిండిలో అసలు వాడకూడదు. వాడుకోవచ్చన్న టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో లాంటివైనా కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ రంగు, ఎంత అన్నది హైదరాబాద్ నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబ్ చెప్పాలి. నా పని కొని, సీలు వేసి పంపడం వరకే.

"ఓనరెవరు?" అని అడిగాను.

"తిరుపతి పోయిండు సార్. నేను ఊకె చాయ్ తాగనీకి వచ్చిన" అన్నాడు గల్లాపెట్టె ముందు కూర్చున్నాయన.

ఆయన నెత్తి మీదే లక్ష్మీదేవి పటం, దాని పక్కన పద్నాలుగంకెల లైసెన్సు, ఆ పక్కన దుకాణం ప్రారంభోత్సవం ఫోటో. ఫోటోలో రిబ్బన్ కత్తిరిస్తున్నది అచ్చంగా ఈయనే.

"ఇది మీరు కాదా?"

"మా అన్న సార్. జర ఒక్కతీరుగ ఉంటం."

నేను మాట్లాడకుండా ట్రేల వైపు తిరిగాను. విడిగా అమ్మే మిఠాయిల ముందు ఏ తేదీలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన. ఈ దుకాణంలో ప్రతి ట్రే ముందూ చీటీ ఉంది. "రేపటిలోగా తినవలెను" అని అచ్చు వేయించి, లామినేషన్ కూడా చేయించారు. ఎప్పుడు చూసినా అది నిజమే.

రెండు కిలోల లడ్డు తూయమన్నాను. ఫారం రాసిచ్చి, సాక్షి ఎవరైనా రండి అన్నాను. పండగ రద్దీలో కౌంటరు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. "సాక్షి సంతకం" అన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో, దుకాణం గోడలు కనిపించాయి. పోలీసులు లాఠీలు పక్కనపెట్టి ఈ మాట వాడుకోవచ్చు. మిగిలింది ఇద్దరే. ఒకరు రిటైరైన తెలుగు పంతులుగారు. రెండోవాడు ఫోను పట్టుకున్న కుర్రాడు.

"నువ్వు పెడతావా బాబూ సంతకం?"

"నేను ఊకె చూస్తున్న సార్" అన్నాడు, ఫోను దించకుండానే.

పంతులుగారు సంతకానికి ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఫారం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, నేను రాసిన దాంట్లో రెండు ఒత్తులు దిద్ది, అప్పుడు పెట్టారు.

ఇక సీళ్లు. శాంపిల్ నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ల్యాబులో పరీక్షించే అనలిస్టుకు, రెండు మా పై అధికారి అయిన డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు, నాలుగోది దుకాణదారుడు కోరితే వేరే ల్యాబుకు, కోరకపోతే అదీ మా ఆఫీసరుకే. ఒక్కో డబ్బాకు దళసరి కాగితం చుట్టి, అంచులు మడిచి, జిగురు పూసి, ఆఫీసరు సంతకమున్న చీటీ కింది నుంచి పైదాకా అంటించి, సగం చీటీ మీద, సగం కాగితం మీద పడేలా దుకాణదారుడి చేత సంతకం పెట్టించి, దారం అడ్డంగా నిలువుగా కట్టి, లక్క కరిగించి కనీసం నాలుగు ముద్రలు వేయాలి. నాలుగు నాలుగులు పదహారు. ఈ చట్టం రాసినవాళ్లు ఫ్యాన్ కింద కొవ్వొత్తి వెలిగించి ఉండరని నా గట్టి అనుమానం.

"ఫ్యాన్ బంద్ చేయండి" అన్నాను.

"స్విచ్ ఓనర్‌కే తెలుసు సార్" అన్నాడు ఓనరు.

మా అటెండరు టోపీ అడ్డం పెట్టాడు. కొవ్వొత్తి ఆరింది, టోపీ కాలింది. లక్క చుక్క ఒకటి నా ప్యాంటు మీద పడితే, దాని మీద అలవాటుగా సీలు కూడా వేసేశాడు. ఆ ప్యాంటు ఇప్పటికీ కోర్టులో చెల్లుతుంది.

అప్పుడు డబ్బు దగ్గరికొచ్చాం. కిలో 480, రెండు కిలోలకు 960. రెండు అయిదువందల నోట్లు కౌంటరు మీద పెట్టాను. ఆయన నెట్టాడు. నేను నెట్టాను. "వద్దు సార్." "తీసుకోవయ్యా." "మీకంటే ఎక్కువనా సార్." "పైసలు తీసుకోవయ్యా!" చివరికి పంతులుగారు విసుగెత్తి, "ఒరే, పుచ్చుకోరా!" అని బడిలో అరిచినట్టు అరిచారు. ఆయన దగ్గరే చదువుకున్నాడేమో, చెయ్యి దానంతట అదే నోట్లు అందుకుని గల్లాపెట్టెలో వేసి, బిల్లు కొట్టి, రెండు ఇరవై నోట్లు తిరిగిచ్చింది. నేను చిల్లర జేబులో వేసుకున్నాను. ఆ కుర్రాడి వీడియోలో మిగిలింది అదొక్కటే.

రాత్రికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో నేనే. నాలుగు పెద్ద ప్యాకెట్లు చంకలో పెట్టుకుని, మిఠాయి దుకాణంవాడి చేతి నుంచి నోట్లు అందుకుని జేబులో వేసుకుంటున్న నేను. కింద రాత: "నలభై రూపాయలకు అమ్ముడుపోయిన అధికారి."

మా డిజిగ్నేటెడ్ ఆఫీసరు ఫోన్ చేశారు. "నేనిచ్చాను సార్, అది చిల్లర" అన్నాను. "ఇన్‌స్పెక్టర్ డబ్బులిచ్చాడంటే డిపార్ట్‌మెంట్‌లోనే ఎవరూ నమ్మరయ్యా, బయటివాళ్లకు ఏం చెప్పమంటావ్" అన్నారు. బిల్లు చూపిస్తానన్నాను. రేపు పొద్దున తీసుకురమ్మన్నారు.

ఇంట్లో విచారణకు అంత వాయిదా కూడా లేదు. పండక్కి వచ్చిన మా అత్తగారు వీడియో మూడుసార్లు చూసి, అద్దాలు తీసి, "నీతిగ ఉన్నవంటే సంతోషం బిడ్డా. లంచం తీసుకున్నవంటే అదో లెక్క. గీ నలభై ఏంది? మా చుట్టాలల్ల ఎట్ల తిరగాలె?" అంది. మా మామగారు పంచాయతీరాజ్‌లో చేసి రిటైరయ్యారు. ఆయనేమీ అనలేదు గానీ, చాలా జాలిగా చూశారు.

నన్ను కాపాడింది ఎవరో చెబితే నవ్వుతారు. ఆ దుకాణం ఓనరే. నేను లంచం తిన్నానంటే, ఆయన లడ్డూలో ఏదో ఉంటేనే కదా ఇచ్చాడని జనం లెక్క కట్టారు. మర్నాడు పొద్దున్నే బేరం పడిపోయింది. మధ్యాహ్నానికి తిరుపతి నుంచి ఓనరు దిగిపోయాడు, అంటే ఆయనే మనసు మార్చుకున్నాడు. బిల్లు నకలు తీసి అన్ని గ్రూపుల్లో పెట్టాడు. "సార్ పైసలిచ్చి కొన్నడు, నేను చిల్లర ఇచ్చిన" అని స్వయంగా వీడియో కూడా చేశాడు. శాంపిల్ తన దగ్గర కొననే లేదని రేపు వాదించే దారి తన చేత్తోనే మూసుకున్నాడు. నేను ఆ వీడియోను మా ఫైల్లో భద్రంగా పెట్టాను.

కానీ వ్యాపారి బుర్రే వేరు. సాయంత్రానికి దుకాణం ముందు ఫ్లెక్సీ వెలిసింది. పైన లడ్డు, కింద చిల్లర జేబులో వేసుకుంటున్న నా ఫోటో, మధ్యలో "ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సార్ సొంత పైసలతో కొన్న లడ్డు. రెండు కిలోలు!" క్యూ రోడ్డు దాకా వచ్చిందట. నోటీసు ఇచ్చి ఫ్లెక్సీ తీయించాను గానీ, అప్పటికే ఒక రోజు బేరం అయిపోయింది.

అనలిస్టు రిపోర్టుకు 14 రోజుల గడువు. దీపావళి అంతకంటే ముందే వచ్చింది. హారతులయ్యాక మా అత్తగారు పళ్లెం పట్టుకొచ్చింది. దూరం నుంచే ఆ పసుపు గుర్తుపట్టాను.

"తిను బిడ్డా. నువ్వే పైసలు పెట్టి కొన్నవంట గదా, మంచిగనే ఉంటయని కిలో తెప్పిచ్చిన."

"నాకు షుగరుందత్తమ్మా" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఎప్పటి నుంచి?"