బడ్జీలకు విటమిన్ చుక్కల గురించి
బడ్జీలు, అంటే పంజరంలో పెంచుకునే చిన్న చిలుకలు, తాగే నీళ్లలో రోజూ మల్టీవిటమిన్ చుక్కలు కలపమని ఒకరు రాశారు, ఆ సలహా నాకు సరిగా అనిపించలేదు. మా విజయవాడ ఎండలకు ఆ నీళ్లు మధ్యాహ్నానికే జిగురెక్కి వాసన కొడతాయి. రుచి తేడా వస్తే పిట్ట అసలు నీళ్లే ముట్టదు. పైగా లోపలికి ఎంత మందు వెళ్లిందో ఎవరికి తెలుసు? చాలా ఇళ్లలో అసలు లోటు కొర్రలు ఒక్కటే పెట్టడం వల్ల వస్తుంది, వాటిలో ఎ విటమిన్ దాదాపు ఉండదు. తురిమిన క్యారెట్ పెట్టండి, కొత్తిమీర కట్ట కడిగి తడితోనే పంజరానికి కట్టండి. మొదట్లో బెదిరి దూరంగా కూర్చుంటాయి, అలవాటైతే కాడ కూడా మిగల్చవు. గుడ్లు పెట్టే ఆడపిట్టకు మాత్రం కాల్షియం తప్పనిసరి, తగ్గితే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదకొస్తుంది. కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు పెంకు) ఒకటి పంజరానికి తగిలిస్తే కావలసినంత అదే గీక్కుంటుంది. డి విటమిన్ మాత్రం డాక్టరు చెప్పకుండా వేయొద్దు, ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి.