తలకిందుల తిరుపతి

మా మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. అందులో పదకొండేళ్ళు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదే. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పకపోతే ఆయన చెబుతారు.

మేముండేది మాంచెస్టరులో. అక్కడ నా సైకిలు సాధనంతా కాలువ గట్టు మీదే. ఎత్తంటే లాకుల దగ్గర వచ్చే నాలుగడుగులే. ఆ గట్టు మీద గంటకి 20 కిలోమీటర్లు తొక్కేస్తున్నాను కదా అన్న ధైర్యంతో జూన్‌లో జరిగే వంద మైళ్ళ రైడ్‌కి పేరిచ్చేశాను. ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. వాళ్ళే అన్నారు, ట్రైనింగంటే మయోర్కా వెళ్ళాలని. మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌వాళ్ళ దీవి అది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఐరోపాలో సగం సైకిళ్ళు అక్కడే ఉంటాయి, పెద్ద పెద్ద రేసు టీములతో సహా. మా ఆవిడకి బీచి, మా అబ్బాయికి స్విమ్మింగ్ పూల్, నాకు కొండలు. చుట్టపుచూపుగా వచ్చిన అత్తామామలకి విడిగా షెంగెన్ వీసా వేయించి మరీ ఈస్టర్ సెలవులకి పోర్ట్ దె సోయెర్‌లో దిగాం.

మొదటి రాత్రే ల్యాప్‌టాప్ తీసి రూటు వేశాను. ఫోనులో యాప్, పక్కన ఎక్సెల్. గమ్యం స కలోబ్రా అనే చిన్న తీరం. నేను పొద్దున్నే సైకిలు మీద, వీళ్ళంతా తీరిగ్గా పడవ మీద అక్కడికి చేరతాం. కలిసి పులిహోర తింటాం. మళ్ళీ ఎవరి వాహనం మీద వాళ్ళు వెనక్కి. దూరం రౌండుగా 40 కిలోమీటర్లు వేసుకుని 20తో భాగిస్తే రెండు గంటలు. ఎనిమిదింటికి బయల్దేరితే పదికల్లా నేనక్కడ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని వీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉండాలి.

మ్యాపులో రూటు సగం ఎర్రగా ఉంది. ట్రాఫిక్ అనుకున్నాను. పొద్దున్నే బయల్దేరుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎరుపంటే ఏటవాలు అని ఆ యాప్ ఓ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో రాసిందట.

ఇంకోచోట గీత గిర్రున తిరిగి తన మీంచే తను దాటుకుంటూ పోయింది. ఇది కచ్చితంగా మ్యాపులో తప్పే. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు దిద్దుతున్నవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. ఆ చుట్టు చెరిపేసి, అటు కొసా ఇటు కొసా తిన్నగా కలిపి, అర కిలోమీటరు ఆదా చేశాను.

వెనక నుంచి మామగారు కళ్ళజోడు సర్దుకుంటూ వంగారు.

"ఈ రోడ్డు ముందుకెళ్ళి ఎక్కడ కలుస్తుంది, అల్లుడుగారూ?"

"ఎక్కడా కలవదండీ. సముద్రం దగ్గర ఆగిపోతుంది."

"అంటే దిగిన దారే ఎక్కాలి."

"అంతేగదండీ."

ఆయన "ఊఁ" అన్నారు. ఘాట్ రోడ్డు డ్రైవరు "ఊఁ" అంటే ఏమిటో నాకప్పటికి తెలీదు.

సైకిలు అద్దెకిచ్చే కుర్రాడు మర్యాదస్తుడు. వెనక క్యాసెట్, అంటే గొలుసు తిరిగే పళ్ళ చక్రాల గుత్తి, 28 పళ్ళది కావాలా, 34 పళ్ళది కావాలా అనడిగాడు. మనిషికే ముప్పై రెండు పళ్ళు, సైకిలుకి ముప్పై నాలుగెందుకు? 28 చాలన్నాను. వాడు నా మొహం వంక, అక్కణ్ణించి నా పొట్ట వంక చూసి, ఇంకోసారి అడిగాడు. నేను నవ్వేశాను. వెనక పళ్ళు ఎన్ని ఎక్కువుంటే ఎక్కడం అంత తేలికని ఆ తర్వాత మోకాళ్ళు చెప్పాయి.

సోయెర్ దాటగానే పుచ్ మజోర్ కొండ ఎక్కుడు మొదలైంది. రాసేది పుయిగ్, పలికేది పుచ్. పేరులోనే పుచ్చు ఉంది, నా దగ్గరేమో ఇరవై ఎనిమిది పళ్ళే. 14 కిలోమీటర్లు, ఆపకుండా ఎక్కుడే. కింద నారింజ తోటలు, ఆ పైన రాతి కట్టల మీద ఆలివ్ చెట్లు, ఇంకా పైన నేను. ట్రాఫిక్ అనుకున్న చోట ఒక్క కారు లేదు. వేగం గంటకి ఏడు. నుదుటి చెమట బొట్టు హ్యాండిల్‌కి తగిలించిన దారి చూపే యంత్రం తెర మీద పడ్డప్పుడల్లా మ్యాపు దానంతటదే పెద్దదైపోయి నా చుట్టూ అంతా తెల్లగా చూపించేది. మా అత్తగారి వయసున్న ఇద్దరు జర్మన్ ఆడవాళ్ళు వంటల గురించో కోడళ్ళ గురించో కబుర్లాడుకుంటూ నన్ను దాటిపోయారు. ఒకావిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది కూడా. నా ఎక్సెల్ ప్రకారం నేను సముద్రంలో కాళ్ళు పెట్టుకోవలసిన వేళ దాటిన అరగంటకి, కొండ మీద సొరంగం ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. శిఖరం ఇంకా పైన ఉంది, 1,445 మీటర్లు. దాని మీద మిలటరీవాళ్ళ రాడార్ ఉంది కాబట్టి ఎవర్నీ పోనివ్వరు. ఆ దేశపు సైన్యానికి నేను చేసుకున్న నమస్కారం ఇదొక్కటే.

ఆ తర్వాత కలోబ్రా దిగుడు. ఆ ఇరవై నిమిషాలూ రాజయోగం. తొమ్మిదిన్నర కిలోమీటర్లు, ఇరవై ఆరు హెయిర్‌పిన్ మలుపులు. మొదట్లోనే యంత్రం గట్టిగా కూసి "ఎడమకు తిరగండి" అంది. ఎడమన గాలి తప్ప ఏమీ లేదు. నేను తిన్నగా గీసిన ఆ అర కిలోమీటరు అదే. అసలు రోడ్డేమో చక్కగా చుట్టు తిరిగి, తన కిందనుంచే తను దూరి పోతోంది. మ్యాపులో తప్పేమీ లేదు. ఆంటోనియో పరియెట్టి అనే ఇంజనీరు 1932లో కట్టిన రోడ్డు అది. ఆ మలుపుని టై ముడి అంటారు. మెడకి టై కట్టుకుంటుంటే తట్టిందట ఆయనకి. నేనూ రోజూ కట్టుకుంటాను, ఉద్యోగానికి లేటవుతోందని తప్ప ఏనాడూ ఏమీ తట్టలేదు.

కిందికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పులిహోర డబ్బాలో అడుగున నాలుగు వేరుశనగ గుళ్ళు, ఒక కరివేపాకు మిగిలాయి. అత్తగారు మాత్రం నా వాటా విడిగా కట్టి దాచారు. తిన్నాను. కొండకేసి చూశాను. తిరుపతిలో అయితే ముందు ఎక్కుతాం, తర్వాత దర్శనం, తర్వాత లడ్డు, ఆ తర్వాత హాయిగా దిగుతాం. ఇక్కడ దిగడం అయిపోయింది, దర్శనం అయిపోయింది, ప్రసాదం కూడా అయిపోయింది. ఇప్పుడు దాదాపు అలిపిరి మెట్లన్నీ ఎక్కినంత ఎత్తు ఎదురుగా నిలబడి ఉంది. అది ఎక్కాక కూడా ఇంకా కొండలున్నాయి.

"పడవలో వచ్చెయ్యండీ, ఎవరేమంటారు?" అంది మా ఆవిడ.

"రిటర్న్ కాలమ్ ఖాళీగా ఉంటుంది" అన్నాను. నిజానికి మావాడు అప్పటికే పక్క గొడుగు కింద పిల్లలకి "మా నాన్న ఆ కొండ ఎక్కుతాడు" అని వేలెత్తి చూపించేశాడు.

ఎక్కాను. నాలుగు మలుపులు. ఐదో మలుపులో టూరిస్టు బస్సొకటి ఎదురొచ్చి, తిరగడానికి రోడ్డంతా తీసుకుంది. నేను కాలు కింద పెట్టాను. కింద పెట్టిన కాలు మళ్ళీ పైకి రానంది. బస్సు డ్రైవరు అద్దం దించి స్పానిష్‌లో ఏదో అన్నాడు, జాలిగానే. నేను సైకిలు ముందు చక్రాన్ని మెల్లగా సముద్రం వైపు తిప్పాను.

పరుగులాంటి నడకతో, బూట్లు టకటకలాడిస్తూ రేవుకి చేరేసరికి పడవ తాడు విప్పబోతున్నారు. నన్ను చూసి మామగారు జేబులోంచి రెండు టికెట్లు తీశారు.

"ఒకటి మీకు, ఒకటి సైకిలుకి. పొద్దున్నే తీసి ఉంచా."

"పొద్దున్నేనా?"

"ఘాట్‌లో ఎక్కలేని బండి ముందే తెలిసిపోతుందండీ. చప్పుడు మారిపోతుంది."

నేనేమీ మాట్లాడలేదు. పడవ కదిలింది. హ్యాండిల్‌కున్న యంత్రాన్ని ఆపడం మరిచిపోయాను కాబోలు, దారి తప్పారు, దారి తప్పారు అని అరుస్తూనే ఉంది. మావాడు వంగి తెర చూసి ఎగిరి గంతేశాడు.

"నాన్నా, ఇరవై పోతున్నావ్!"