వంగిన ర్యాకు కింద మనుషులు

దాళ్వా (రబీ వరి) కోతలు పూర్తయ్యేసరికి మండపేట, తణుకు చుట్టుపక్కల గోదాములు కిక్కిరిసిపోతాయి. చెరువుల్లో రొయ్య ఎదిగే నెలల్లో భీమవరం, ఆకివీడు వైపు మేత గోదాముల పరిస్థితీ అంతే. నేల మీద బస్తాలు నెట్టు కట్టే పద్ధతి పోలేదు గానీ, జాగా చాలనివారు ఇనుప ర్యాకులు బిగించుకుంటున్నారు. శీతల గిడ్డంగుల్లో రొయ్యల పెట్టెలు ఎక్కేదీ వాటిమీదికే.

ఆ ర్యాకు ఎంత మోస్తోందో ఒకసారి లెక్క కట్టి చూడాలి. మేత సంచి 25 కిలోలు. పాలెట్ (సరుకు పేర్చే చెక్క పీట) మీద 40 సంచులు పేరిస్తే టన్ను. అరకు రెండు పాలెట్ల చొప్పున నాలుగు అరలు నింపితే ఎనిమిది టన్నులు. ఇంత బరువునూ మోసేవి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ మందమున్న రేకును మడిచి చేసిన స్తంభాలు. నిటారుగా ఉన్నంతకాలం వాటికి ఢోకా లేదు. పాలెట్లను ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండిని వెనక్కి తిప్పేటప్పుడు మోకాలి ఎత్తున ఒక్క దెబ్బ తగిలి సొట్ట పడితే, బలం ఎంత తగ్గిందో పైకి కనిపించదు. ఒక స్తంభం ఒరిగితే అడ్డబీములు పక్కదాన్నీ లాగుతాయి. చూస్తుండగానే వరుసంతా కూలుతుంది. ఇరుకు నడవలో ఉన్నవాడు ఎటు పరుగెత్తాలి?

లోపాలు కనిపెట్టడానికి ఇంజినీరే రానక్కర్లేదు. బీము కొక్కెం స్తంభం రంధ్రంలోంచి లేచిపోకుండా ఒక చిన్న పిన్ను ఉండాలి. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు కింద నుంచి తగిలినప్పుడు బీమును ఆపేది ఆ పిన్నే. దాని చోట బైండింగ్ వైరు చుట్టి ఉన్నా, స్తంభం అడుగు పలకకు బోల్టు లేకపోయినా, ఎంత బరువు పెట్టవచ్చో చెప్పే బోర్డు ఎక్కడా కనిపించకపోయినా, అక్కడ ఇన్నాళ్లూ ప్రమాదం జరగకపోవడం అదృష్టమే తప్ప జాగ్రత్త కాదు.

గోదావరి డెల్టాలో నేల కూడా చూసుకోవాలి. మన బంకమన్ను తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. వరి చేనునో పాత చెరువునో పూడ్చి, మట్టి కుదురుకోకముందే గచ్చు పోసి గోదాము లేపితే ఏదో ఒక మూల కుంగుతుంది. కింద వేలెడు కుంగినా ఇరవై అడుగుల ర్యాకు పైన ఎంత వాలుతుందో దారానికి గుండు కట్టి వేలాడదీస్తే తేలిపోతుంది. తీరం దగ్గరైతే ఉప్పుగాలికి అడుగు పలకలు, బోల్టులు తుప్పుపడతాయి.

ఐరోపాలో దీనికి ఈఎన్ 15635 అనే ప్రమాణం ఉంది. మీటరు పొడవున్న తిన్నని బద్దను స్తంభానికి ఆనించి సందు కొలుస్తారు. బీముల దిశలో వంపు 5 మిల్లీమీటర్లు, ర్యాకు లోతు దిశలో 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే నారింజ గుర్తు: ఉన్న సరుకు దించాక, బాగుచేసేదాకా మళ్లీ ఎక్కించకూడదు. అంతకు రెట్టింపు దాటితే ఎరుపు: అప్పటికప్పుడు ఖాళీ చేయాలి. సంస్థలో ఒకరు దీనికి బాధ్యులుగా ఉండాలి, ఏడాదికోసారి నిపుణుడు చూడాలి. సొట్టను సుత్తితో సరిచేసి రంగు పూయడం కుదరదు. బద్ద, కొలత పట్టీ, రెండు రంగుల రిబ్బన్లు కొనలేని గోదాము మన జిల్లాల్లో ఒక్కటీ ఉండదు.

చట్టంలోనే పెద్ద చిక్కు ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం శీతల గిడ్డంగిలో నిల్వను తయారీ ప్రక్రియగా లెక్కించింది, మామూలు గోదాములో వట్టి నిల్వను లెక్కించలేదు. ర్యాకు అదే, బరువు అదే, కింద నిలబడేదీ మనిషే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కనీసం పదిమంది పనివారున్న వ్యాపార సంస్థలకూ వర్తిస్తుంది. ప్రమాదం లేని పనిచోటు కల్పించడం యజమాని విధి అంటోంది. మంచిదే. కానీ మన గోదాముల్లో బరువులు మోసేది ముఠా కూలీలు. మేస్త్రి పిలిస్తే వస్తారు, సంచికింత అని కూలి తీసుకుంటారు, సాయంత్రానికి మరో గోదాములో ఉంటారు. హాజరు పట్టీలో పేరు లేదని వారిని ఆ పదిమందిలో లెక్కించకపోతే కోడ్ ఉండీ లేనట్టే. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసమే 1976లో ప్రత్యేక చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. కార్మిక శాఖ వారిని లెక్కలోకి తేవాలి, సార్వా (ఖరీఫ్ వరి) సరుకు దిగకముందే ఫ్యాక్టరీల శాఖతో కలిసి గోదాములు తిరగాలి.

వంపును ముందుగా చూసేది జట్టు మనిషే. చూసినా నోరెత్తడు, ఎత్తితే ఆ పూట కూలి పోతుంది. అందుకే వంగిన ర్యాకు చూపించి పని ఆపిన జట్టుకు ఆ పూట కూలి యజమానే ఇవ్వాలని మేము కోరుతున్నాం. కూలి రేట్ల ఒప్పందంలో ఈ షరతు రాయించుకునే బాధ్యత కార్మిక సంఘాలది. బరువు బోర్డు కూడా తెలుగులో, జట్టు లెక్క పెట్టుకునే భాషలో ఉండాలి: ‘ఈ అరలో 80 సంచులే. ఆపైన ఒక్కటీ పెట్టరాదు.’