కారితేనే కదిలే బండి

పాత యెజ్డీ మోటార్‌సైకిల్ స్టార్ట్ చేయడం తెలియనివాళ్ళకి ఆ తతంగం చూస్తే భయమేస్తుంది. ముందు పెట్రోలు ట్యాప్ తిప్పాలి. తరవాత వంగి, ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ మీదున్న చిన్న మీటని వేలితో నొక్కి పట్టుకోవాలి. లోపల పెట్రోలు నిండి, మీట పక్క సందులోంచి పొంగి వేలికి చల్లగా తగులుతుంది. అప్పుడు కిక్కు కొట్టాలి. స్టార్టయ్యాక ఆ కిక్కు రాడ్డునే ముందుకి తిప్పుకుంటే గేరు రాడ్డు అవుతుంది. కాబట్టి కార్బురేటర్ కింద రెండు చుక్కలు కనిపిస్తే యెజ్డీవాడు కంగారుపడడు. స్టార్టింగ్ తాలూకు తడి అనుకుని వెళ్ళిపోతాడు. మా బావ అలాగే చాలా వారాలు వెళ్ళిపోయాడు.

ఆ బండి వాళ్ళ నాన్నగారిది. మైసూరులో 1961లో జావా మోటార్‌సైకిళ్ళతో మొదలై, తరవాత యెజ్డీలు చేసి, 1996లో మూతపడ్డ ఫ్యాక్టరీ సరుకు. మా అక్క స్కూటర్ ఎండలో ఉంటుంది, ఇది మాత్రం సెల్లార్లో లిఫ్టు పక్కన దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఒక రాత్రి బావ బండి పెట్టి, దుప్పటి కప్పి, పెట్రోలు ట్యాప్ మాత్రం కట్టడం మర్చిపోయాడు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది మేడ మీదికి పోదు, సెల్లార్లోనే పోగుపడుతుంది. తెల్లారేసరికి గ్రౌండ్ ఫ్లోర్ పిన్నిగారి వంటింటి కిటికీ దాకా వచ్చింది. ఆవిడ ముక్కుకి ఏ వాసన తగిలినా ఒకటే పేరు. "గ్యాసు!" అని ఒక్క కేక పెట్టారు.

ఇంకేముంది. అయిదంతస్తుల్లోనూ రెగ్యులేటర్లు కట్టేశారు. ఒకరి పప్పు రెండో కూత దగ్గర ఆగిపోయింది, ఒకరి ఉప్మాలో నీళ్ళు మరగనే లేదు. "స్విచ్చులు ముట్టుకోకండి!" అని సెక్రటరీగారు మెట్లమీద అరుస్తుంటే, ఆ మాట వినపడక ఏమిటేమిటంటూ అందరూ బయటికొచ్చి లిఫ్టు బటన్ నొక్కారు. పిన్నిగారు సిలిండర్ లీకుల నంబరు 1906కి ఫోన్ చేశారు. వచ్చినతను ఇల్లిల్లూ తిరిగి, గొట్టాలకి సబ్బు నీళ్ళు రాసి, ఎక్కడా బుడగ రాలేదని తేల్చాడు. తరవాత ముక్కు ఎగబీలుస్తూ సెల్లార్లోకి దిగి దుప్పటి ఎత్తాడు. బండి కింద పళ్ళెమంత తడి. "మీ సిలిండర్లన్నీ బాగున్నాయమ్మా. దీని సంగతి మాత్రం మాకు రాదు" అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి సలహాలు మొదలయ్యాయి. రెండో అంతస్తు పెద్దాయన రాజ్‌దూత్ నడిపిన మనిషి. "బట్టల సబ్బు మెత్తగా చేసి రుద్దు బాబూ, నేను గుంటూరు దాకా అలాగే వెళ్ళాను" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, పెట్రోలుకి సబ్బు కరగదు. కానీ ఆయన సబ్బు పెట్టింది ట్యాంకు చిల్లికి. ఇక్కడ చిల్లీ లేదు, పగులూ లేదు, పెట్రోలు మట్టం పెరిగి పైనుంచి పొంగుతోంది. చెరువు గట్టు తెగితే మట్టి వేయొచ్చు గానీ, అలుగు పారుతుంటే ఏం వేస్తాం? అయినా బావ సగం సబ్బు అరగదీశాడు. కార్బురేటర్‌కి మంచి సువాసన వచ్చింది.

ఆ తరవాత బావ వీడియోలు చూశాడు. చూసి ఇథనాల్ మీద పడ్డాడు. "ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాలేరా. పాత రబ్బర్లకి అది పడదు, ఉబ్బిపోతాయి" అని నాకు అరగంట క్లాసు పీకాడు. ఇందులోనూ అబద్ధం లేదు. ప్యాకింగులన్నీ కొత్తవి వేశాడు. అవి కొత్తగా, శుభ్రంగా ఉండగానే పెట్రోలు వాటి పక్కనుంచి పాతగానే కారింది.

ఇక కార్బురేటర్ విప్పదీశాడు, అదీ అక్క కూర గిన్నెలో. ట్యాంకు తుప్పు, పెట్రోలు దారి మూసే నీడిల్ దగ్గర ఇరుక్కుందేమోనని పైపులో నోరుపెట్టి ఊదాడు. ఆ మధ్యాహ్నం పప్పూ పెట్రోలే, పెరుగూ పెట్రోలే. అక్క గిన్నె వంక చూసి, "అది ఇంక మీ బండికే ఉంచుకోండి. రేపట్నుంచి మీ అన్నం కూడా అందులోనే పెడతాను" అంది.

చివరికి ఆ గిన్నెతోనే విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ జావాల కాలం నుంచీ ఉన్న ఒక ముసలి మెకానిక్ మా కథ ఏదీ వినలేదు. గిన్నెలోంచి ఇత్తడి ఫ్లోట్, అంటే కార్బురేటర్లో పెట్రోలు మీద తేలే డొల్ల బుడ్డి, అదొక్కటే తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల పెట్రోలు చప్పుడైంది. పక్క టీకొట్టు నుంచి గాజు గ్లాసులో మరిగే నీళ్ళు తెప్పించి అందులో ముంచాడు. రెండు ఇత్తడి డిప్పలు కలిసే అతుకు దగ్గర్నుంచి సన్నటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి, గ్లాసు అంచుదాకా లేచాయి. ఫ్లోట్ తేలితేనే నీడిల్ పైకెళ్ళి పెట్రోలు దారి మూస్తుంది. కడుపులో పెట్రోలు పోసుకున్న ఫ్లోట్ ఎక్కడ తేలుతుంది? ఇన్నాళ్ళూ మునిగి కూర్చుంది, దారి తెరిచే ఉంది.

"కొత్తది దొరికితే వేసుకోండి. లేదంటే లోపల పూర్తిగా ఆరాక మాటు వేయించండి. తడి ఉండగా వేడి తగిలిస్తే కనుబొమలు పోతాయి" అన్నాడు.

బావ ఆరబెట్టడం శ్రద్ధగానే చేశాడు. మాటు మాత్రం మా వీధిలో మిక్సీలు బాగుచేసే కుర్రాడిచేత వేయించాడు. ఆ కుర్రాడు మర్యాదస్తుడు. తెలిసినవాళ్ళ పని కదా అని సీసం ధారాళంగా పోశాడు, శనగబద్దంత. బిగించి ట్యాప్ తిప్పగానే ఇదివరకు చుక్కలుగా వచ్చేది కాస్తా ధార కట్టింది.

మళ్ళీ ఆటోనగర్. ముసలాయన ఆ సీసం ముద్దని గోటితో తడిమి చూసి, "తేలాల్సినదానికి రాయి కట్టారేంటండీ?" అన్నాడు. ఆకురాయితో అరగదీసి, మిగిలింది కరిగించి తుడిచేసి, అతుకు మీద వెంట్రుకంత గీతగా మళ్ళీ వేశాడు. ఈసారి వేడినీళ్ళలో బుడగ లేదు. బిగించాక ట్యాప్ తెరిచి, బండి కింద పాత పేపరు పరిచి, మా ఇద్దరికీ టీ తెప్పించాడు. టీ అయిపోయింది, పేపరు పొడిగానే ఉంది. కూలి రెండొందలు. బావ అప్పటికి ప్యాకింగులకీ, సబ్బుకీ, కారిపోయిన పెట్రోలుకీ పెట్టింది నేను అడగలేదు, అక్క ఉంది కదా.

సెక్రటరీగారు ఊరుకుంటారా? సెల్లార్లో ఒక్క చుక్క పడ్డా బండి బయటే అని నోటీసు బోర్డు మీద రాసి పెట్టారు. మర్నాడు పొద్దున బాగైందో లేదో చూద్దామని స్వయంగా వచ్చి నిలబడ్డారు. బావ గర్వంగా దుప్పటి తీశాడు. నేల పొడిగా ఉంది. ట్యాప్ తిప్పాడు. చుక్క లేదు. సెక్రటరీగారి ముఖం ప్రసన్నమైంది. అప్పుడు బావ అలవాటుగా వంగి మీట నొక్కాడు. టప్, టప్, టప్.

"ఇది లీకు కాదండీ, ఇది స్టార్టింగు" అని బావ ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. పైన పిన్నిగారి కిటికీ ధడాలున మూసుకుంది.

ఇప్పుడు బావ రోజూ బండిని తోసుకుంటూ ర్యాంపు ఎక్కించి, గేటు దాటించి, రోడ్డు మీద మీట నొక్కుతున్నాడు. అక్కడ అసోసియేషన్ లేదు గానీ జనం ఉన్నారు. పాలబ్బాయి, స్కూలు ఆటో డ్రైవరు, వాకింగ్ నుంచి వచ్చే పెద్దమనుషులు, ఎవరు చూసినా ఆగి "బాబూ, పెట్రోలు కారుతోంది, చూసుకో" అని చెప్పి మరీ వెళ్తున్నారు. నిన్న ఒకాయనైతే కారు ఆపి దిగి, బట్టల సబ్బు ఏ కంపెనీది వాడాలో కూడా చెప్పాడు.