“కాళీదే కదేటి” అన్న మా బావ కోసం, అలా అనే అందరి కోసం

తూటా లేని తుపాకీయే కదా, ఖాళీదే కదా అన్న బావతో ఇప్పుడే ఫోన్ మాట్లాడి పెట్టేశాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. ఇది రాసేస్తే తప్ప ఈ రాత్రి నిద్ర పట్టదు. ఇది చదివేవాళ్లలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకి నా కడుపుమంట చెప్పకుండానే అర్థమవుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస నుంచి మందస వైపు వచ్చే దారిలో జీడితోటల మధ్య ఇల్లు. సముద్రం దగ్గర కావడంతో గాలిలోనే ఉప్పుంటుంది. కిటికీ ఊచలకి రెండేళ్లకోసారి రంగు వెయ్యకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటి చోట తాత నాటి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీని నేను కాపాడుకుంటూ వస్తున్నాను. వానాకాలంలో పదిహేను రోజులకోసారి బయటికి తీసి, తుడిచి, నూనె రాసి లోపల పెడతాను. తాత అలాగే చేసేవారు.

ఈ పొద్దున కూడా అదే పని మీద ఉన్నాను. గొట్టాలు విడదీసి తుడిచి, మళ్లీ బిగించి, అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టాను. తూటాలు లోపల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. ఇంతలో తోటలో మోటారు ఆగిపోయిందని పిలిస్తే వెళ్లాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ తుపాకీని అరుగు మీద వదలడం నా తప్పే. లైసెన్సు నా పేరు మీద ఉంది. అది నా కళ్ల ముందైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి. ఆ తప్పు ఒప్పుకున్నాకే మిగతాది చెబుతున్నాను.

తిరిగొచ్చేసరికి, పండక్కి విశాఖ నుంచి వచ్చిన మా బావ తుపాకీ భుజానికెత్తి కొబ్బరిచెట్టుకి గురిపెట్టి ఉన్నాడు. టక్. గొట్టాలు కిందికి విరిచి తెరిచాడు, మూశాడు. టక్, టక్. ఎదురుగా మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

“ఏటి బావా ఇది?” అని అరిచాను.

“కాళీదే కదేటిరా, ఏటయిపోద్ది?”

ఏటయిపోద్దో చెబుతాను. ఈ రకం తుపాకీలో హామర్లు బయటికి కనిపించవు, లోపలుంటాయి. గొట్టాలు కిందికి విరిచినప్పుడల్లా లోపలి హామర్లు స్ప్రింగు మీద ఎక్కి కూర్చుంటాయి. ట్రిగ్గర్ నొక్కితే దూకి వచ్చి పిన్నుని కొడతాయి. తూటా ఉంటే ఆ పిన్ను తూటా అడుగున ఉండే మెత్తని క్యాప్‌కి తగిలి ఆగుతుంది. తూటా లేకపోతే ఆపేది ఏమీ లేదు. ఇనుము వెళ్లి ఇనుముకే కొట్టుకుంటుంది. ఒకసారికి ఏమీ కాదు. పది, ఇరవైసార్లు అలా కొడితే, అరవై ఏళ్లకి పైబడిన పిన్ను కొన దగ్గర చిట్లే ప్రమాదం ఉంది. దానికోసమే డమ్మీ తూటాలుంటాయి. వెనక రబ్బరో స్ప్రింగో ఉండి ఆ దెబ్బని అవి తీసుకుంటాయి. నా దగ్గర రెండున్నాయి, ఆ చాప మీదే పెట్టాను. బావ వాటిని చూసి ఆటబొమ్మలనుకున్నాడట.

అంతటితో ఆగలేదు. గొట్టాలు విరిచే కీలు దగ్గర బిగుతుగా ఉందని వంటింట్లోంచి కొబ్బరినూనె తెప్పించి పోశాడు! మా అక్క గిన్నెతో తెచ్చి ఇచ్చిందట. కొబ్బరినూనె చలికాలంలో సీసాలో ఎలా గడ్డకడుతుందో మన ఇళ్లలో తెలియనిది ఎవరికి? ఇరవై నాలుగు డిగ్రీలు దాటి దిగితే చాలు, పేరుకుంటుంది. తుపాకీ లోపల పేరుకుంటే హామర్ వేగం తగ్గిపోతుంది, దెబ్బ చాలదు, తూటా పేలదు. వంటనూనె ఏదైనా సరే, కొన్నాళ్లకి జిగురుగా మారి దుమ్ముని పట్టుకుంటుంది. ఆ బిగుతు కూడా చెడు కాదు బావా. బిగుతుగా మూసుకుంటేనే అది ఆరోగ్యంగా ఉన్న తుపాకీ. గొట్టాల కింద ఉండే ముందుచెక్క తీసేసి గొట్టాలని పట్టుకుని ఊపితే కదలకూడదు, చప్పుడు రాకూడదు. ఆ కీలు మీద చిటికెడు గ్రీజు చాలు. తాత అగ్గిపుల్ల కొనతో రాసేవారు.

ఇక బావ అన్న రెండో మాట. దానికే నాకు అసలు మండింది. “ఈ పాత సామాను అమ్మీసి ఆటోమేటిక్ ఒకటి తీసుకోరాదూ? వీడియోల్లో చూడు, టపటపటపా పేలుతున్నాయి.”

ఆటోమేటిక్! ఆ మాటకి అర్థం తెలుసా? ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ ఆగకుండా పేలేది ఆటోమేటిక్. 1959 ఆయుధ చట్టం దాన్ని నిషిద్ధ ఆయుధాల్లో పెట్టింది. వీడియోల్లో బావ చూసింది సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. అందులో ఒక్కో దెబ్బకీ ట్రిగ్గర్ మళ్లీ నొక్కాల్సిందే. ఖాళీ తొడుగుని బయటికి విసిరి కొత్త తూటాని లోపలికి తెచ్చుకోవడం మాత్రమే అది తనంతట తాను చేసుకుంటుంది. అదేమీ నిన్నా మొన్నా పుట్టిన వింత కాదు. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ 1898 నాటికే దాన్ని రూపొందించాడు. 1900లో పేటెంటు తీసుకున్నాడు, తర్వాత బెల్జియంలో తయారైంది. పేల్చినప్పుడల్లా దాని గొట్టం మొత్తం వెనక్కి జరుగుతుంది. తర్వాత తరం వాటిలో గొట్టానికి చిన్న రంధ్రం పెట్టి, అక్కడినుంచి వచ్చే గ్యాసుతో పిస్టన్‌ని తోయిస్తారు.

వినడానికి బాగుంటుంది. కానీ ఆ గ్యాసుతో పాటు మసి కూడా వస్తుంది. పిస్టన్ చుట్టూ, దాని రింగుల చుట్టూ, ఆ చిన్న రంధ్రంలో కార్బన్ గడ్డకడుతుంది. ఒక్కొక్క భాగం విప్పి కడగకపోతే ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి తలుపులో ఇరుక్కుంటుంది. తక్కువ బలం ఉన్న తూటా వేస్తే వెనక్కి పూర్తిగా నెట్టలేదు. తేమకి ఉబ్బిన తూటా వేస్తే పూర్తిగా లోపలికి వెళ్లదు. నూనె ఎక్కువైతే మసి దానికి అంటుకుని ముద్దవుతుంది, తక్కువైతే మన ఉప్పుగాలికి తుప్పు. రెండు గొట్టాల తుపాకీకే కొబ్బరినూనె పోసిన మనిషి చేతికి ఆ యంత్రం ఇస్తే దాని గతి ఏమవుతుంది? ఇంకొకటి, నా తుపాకీని విరిస్తే తూటాలు కూర్చునే రెండు గదులూ కంటికి కనిపిస్తాయి, ఖాళీయో కాదో చంటిపిల్లాడైనా చెబుతాడు. సెమీ ఆటోమేటిక్‌లో తూటాలు వరసగా నింపే మ్యాగజీన్ ఖాళీ చేసేశామనుకున్నా గదిలో ఒకటి మిగిలిపోవచ్చు. “కాళీదే కదేటి” అనే మాట మనుషుల్ని చంపేది అక్కడే.

తూటాల సంగతి కూడా చెప్పాలి. పోయినేడాది ఒక చుట్టం “నా దగ్గర పొడుగువి ఉన్నాయి, దెబ్బ గట్టిగా ఉంటుంది, తీసుకో” అన్నాడు. ఒకరి లైసెన్సు మీద కొన్న తూటాలు ఇంకొకరికి పంచిపెట్టడానికి అవి సంతర్పణలో లడ్డూలు కావని చెప్పాను, అలిగి వెళ్లిపోయాడు. మా తుపాకీ బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న పాత ఇంగ్లీషుది. దాని గది రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది. ప్రమాదం అదే. పేలేటప్పుడు తూటా మూతి మడత విచ్చుకోవడానికి చోటు లేక గొట్టం ఇరుకైన చోట అడ్డుపడుతుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పట్టింది కదా అని వేసేస్తే ఒకరోజు గొట్టం విచ్చిపోవచ్చు. పాత తుపాకీ ఉన్న ప్రతివాళ్లూ దయచేసి గది కొలిపించుకోండి. ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ పోస్టు చదివినట్టుండాలి.

ఆ వీడియో సంగతి. మేనల్లుడు దానికి పాట తగిలించి స్టేటస్ పెట్టేశాడు! లైసెన్సు నాది, తుపాకీ వాళ్ల నాన్న చేతిలో. రేపు ఎవరైనా అడిగితే పిలిచేది నన్ను. వాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు, వాడినేమీ అనను. కానీ ఈ జిల్లాలో తుపాకీ పట్టుకుని ఫోజులివ్వడం ఏమిటి? 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న లేవిడి దగ్గర భూస్వాముల వైపు నుంచి తుపాకులు పేలాయి. ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం గిరిజన పోరాటంలో ఈ కొండల్లో ఏం జరిగిందో, ఎంతమంది పోయారో మన పెద్దలకి తెలుసు. తాత ఆ రోజుల గురించి మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవారు. తుపాకీ ఉన్న ఇల్లు అంటే అప్పట్లో ఊరు ఎలా చూసేదో ఆయనకి తెలుసు. అందుకే ఒక్క పెళ్లిలో కూడా గాల్లోకి పేల్చలేదు. పేల్చమని అడిగినవాళ్ల ఇంట్లో భోజనం కూడా చెయ్యకుండా లేచి వచ్చేశారు. ఇప్పుడైతే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అలా పేల్చి మనుషుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తాతకి చట్టం చెప్పక్కర్లేకపోయింది.

తోటలోకి ఎలుగుబంటి వస్తే తుపాకీ ఉంది కదా అంటారు కొందరు. ఉద్దానంలో ఎలుగులు మనుషుల మీద పడుతున్న మాట నిజమే, మా వాళ్లూ సాయంత్రమైతే తోటలోకి ఒంటరిగా వెళ్లరు. అయినా 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో ఉంది. తుపాకీ చేతిలో ఉందని కాల్చడానికి లేదు. అటవీశాఖకి చెప్పాలి, డప్పులు కొట్టాలి, టపాసులు కాల్చాలి, గుంపుగా వెళ్లాలి.

మరి ఎందుకు ఉంచుకున్నావు అని బావ కూడా అడిగాడు ఫోన్లో. 2018 అక్టోబరు 10 రాత్రి నువ్వు ఇక్కడ లేవు బావా. తిత్లీ తుపాను 11 తెల్లవారుజామున మా మీదుగానే ఒడ్డెక్కింది. పెంకులు ఎగిరిపోయాయి, బీరువాలోకి నీళ్లొచ్చాయి. తెల్లారేసరికి తాత నాటిన కొబ్బరిచెట్లు వరసగా పడి ఉన్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఎనభై దాటిన మనిషి ఆ నీళ్లలో కూర్చుని, బియ్యం బస్తా సంగతి కూడా అడక్కుండా, తుపాకీ విప్పి ముందు మంచినీళ్లతో కడిగారు. ఉప్పు పోవాలని. తర్వాత పొడిబట్ట, కిరసనాయిలు, ఆ తర్వాత నూనె. కర్రని ఎండలో పెడితే పగులుతుందని నీడలో ఆరబెట్టించారు. తోలు సంచిని అవతల పారేయించారు, తోలు తేమని పట్టి ఉంచి ఇనుముని తినేస్తుందని. “తోట మళ్లీ వేసుకోవచ్చురా, గొట్టం లోపల గుంటలు పడితే మళ్లీ పూడవు” అన్నారు. తోట కూడా మళ్లీ వెయ్యలేకపోయారు, అది వేరే సంగతి. కానీ గొట్టం లోపల ఒక్క మచ్చ పడలేదు. దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే అద్దంలా ఉండేది.

ఉండేది అన్నాను. ఎందుకంటే తుపానుకి పడని మచ్చ ఎన్నికలకి పడింది.

2024 మార్చి 16న కోడ్ వచ్చింది. తుపాకీ డిపాజిట్ చెయ్యమన్నారు, చేశాను. బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్లు ఎవరో స్క్రీనింగ్ కమిటీ చూసి ఎవరి ఆయుధం తీసుకోవాలో తేల్చాలి. నా మీద ఒక్క కేసు లేదు. అయినా ఎదురు మాట్లాడలేదు, ఎన్నికలు ప్రశాంతంగా జరగాలన్నది నాకూ ఇష్టమే. గొట్టాల లోపలా బయటా గ్రీజు పట్టించి, బట్ట చుట్టి ఇచ్చాను. గొట్టం నోరు కిందికి ఉండేలా పెట్టండి, లేకపోతే నూనె కారి కర్రలోకి దిగి కర్ర మెత్తబడుతుంది అని బతిమాలి చెప్పాను. జూన్ 4న లెక్కింపు అయింది. ఆ తర్వాత వెళ్లి తెచ్చుకున్నాను. బట్ట లేదు. నంబరు చీటీని ఇనప తీగతో గొట్టానికే బిగించారు. నల్లరంగు గీసుకుపోయి తెల్లగా కనిపిస్తోంది. నోరు పైకి పెట్టి గోడకి నిలబెట్టారు. వానలు మొదలయ్యాయి కదా, ఎడమ గొట్టం లోపల నారింజ రంగులో తుప్పు. ఇదేమిటండీ అంటే “ఇనుమన్నాక తుప్పు పట్టదేటి?” అన్నారు.

అక్కడా ఇనుమే, ఇక్కడా ఇనుమే. బావ నోట ఈ పొద్దున మళ్లీ అదే ధోరణి విన్నాను, అందుకే అంతలా అరిచాను. కంచు బ్రష్షు, నూనె వేసుకుని నెల రోజులు రుద్దాను. తుప్పు పోయింది, కిందున్న చిన్న గుంటలు పోలేదు. వేలు పెట్టి చూడలేను, కానీ గుడ్డ ముక్క ఆ చోటికి రాగానే చిన్నగా పట్టుకుంటుంది. ప్రతిసారీ అక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. తీసుకున్నప్పుడు తుపాకీ ఏ స్థితిలో ఉందో రాసి సంతకం పెట్టి రసీదు ఇవ్వడానికి ఏమవుతుంది? ఒక చెక్క స్టాండు, ఒక డబ్బా నూనె పెట్టడానికి ఏమవుతుంది? మనమే ఆ రసీదు అడగాలి, ఇచ్చే ముందు మనమే ఫోటోలు తీసుకోవాలి. నేను తీసుకోలేదు. మీరైనా తీసుకోండి.

ఫోన్లో బావ చివరికి అన్నది, “ఒక తుపాకీ కోసం చుట్టరికం చెడగొట్టుకుంటావేటి?” అని. అక్క వెనకనుంచి ఏడుస్తోంది. బావంటే నాకు కోపం లేదు, ఆయన మంచివాడే, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన పడుకున్నది ఆయనే. కానీ తెలియని వస్తువు ముట్టుకునే ముందు అడగడానికి నామోషీ ఏమిటి బావా? పది నిమిషాలు ఆగితే నేనే చూపించేవాడిని కదా.

మేనల్లుడు స్టేటస్ తీసేశాడు, “సారీ మావయ్యా” అని మెసేజ్ పెట్టాడు. సాయంత్రం ఆ ముందుచెక్క విప్పి, కొబ్బరినూనె అందినంత వరకూ కిరసనాయిలుతో తుడిచి, మంచి నూనె రాసి, డమ్మీ తూటాలు పెట్టి రెండు ట్రిగ్గర్లూ నొక్కి చూశాను. కుడి దాని రబ్బరు మీద గుర్తు గుండ్రంగా, లోతుగా పడింది. ఎడమ దాని మీద గీతలా తేలిపోయింది. సోమవారం లైసెన్సు పుస్తకం, తుపాకీ తీసుకుని విశాఖలో బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్తున్నాను. పిన్ను ఒక్కటే పోయిందని ఆయన అంటే చాలు.